పాత చెక్క తలుపు, రెండు రెక్కలు

ఆయన ఏం పని చేస్తాడో వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని ఫొటోలు చూస్తుంటాడు కాబట్టి అందరూ కలిసి బొమ్మలాయన అని పేరు పెట్టేశారు. బొమ్మలు గీస్తాడా అంటే గీయడు, తీస్తాడా అంటే తీయడు. ఎవరో తీసిన బొమ్మలకు మాటలు రాస్తాడు. "దానికి కూడా జీతం ఇస్తారా?" అని పక్కింటి పిన్ని అడిగితే, "ఇస్తున్నారు పిన్నీ. గట్టిగా అడక్కు, వాళ్లకు అనుమానం వస్తుంది" అంది ఆయన భార్య.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ ఆ పనికీ ఒక ఒడుపు ఉంది. వెబ్‌సైట్‌లో బొమ్మ మనకు కనిపిస్తుంది. సెర్చ్‌లో వెతికిపెట్టే యంత్రానికి మాత్రం బొమ్మ అరకొరగా తప్ప అర్థం కాదు, దానికి మాటలు కావాలి. అందుకని కెమెరా పెట్టిన అంకెల పేరు తీసేసి బొమ్మకు ఒక మంచి పేరు పెట్టాలి. బొమ్మ వెనక, చూసేవాళ్లకు కనపడని చోట, అందులో ఏముందో ఒక వాక్యం రాయాలి. కళ్లు లేనివాళ్లకు వాళ్ల ఫోను చదివి వినిపించేది కూడా ఆ వాక్యాన్నే. ఆ పైన బొమ్మ బరువు తగ్గించాలి, లేకపోతే పేజీ తెరుచుకునేలోపు వచ్చినవాడు విసుగెత్తి వెళ్లిపోతాడు. ఇవన్నీ బొమ్మలాయనకు కొట్టిన పిండి. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లను ముందు కూర్చోబెట్టుకుని, "కళ్లు మూసుకున్నవాడికి చెప్పినట్టు రాయండి. 'కుర్చీ' అని రాసి ఊరుకుంటే ఏ కుర్చీ? లోకంలో కుర్చీలకు కరువా? వెతికేవాడికి కావాల్సింది వాడి కుర్చీ" అని పాఠం చెప్పేవాడు. చెప్పడానికేం, బాగానే చెప్పేవాడు.

ఆయనకు ఒక జబ్బుంది. టైపు చేస్తున్నప్పుడు పక్కన ఎవరైనా మాట్లాడితే, మనసు వినకపోయినా వేళ్లు వింటాయి. ఒకసారి స్నానాల గది టైల్స్ అమ్మే సైటులో నీలం టైల్ బొమ్మ వెనక "నిగనిగలాడే నీలం టైల్ ఏవండీ గ్యాస్ కట్టేయండి" అని రాసి ఉండగా దొరికిపోయాడు. ఆ టైల్‌ను ఎవరు ఎలా వెతికారో గానీ నెలరోజుల పాటు బాగా అమ్ముడుపోయిందని ఆఫీసంతా ఆ కథ చెప్పుకుని నవ్వేది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. బొమ్మలాయన, రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే భార్య, భార్య తండ్రి. ఆ మామగారు ఒకప్పుడు పేరున్న వడ్రంగి. తలుపులు ఆయన ప్రత్యేకం. చేత్తో రెక్కను నెడితే గాలికి కదిలినట్టు కదలాలి, వేస్తే శ్వాస ఆగినట్టు ఆగాలి అనేవాడు. ఇప్పుడు మరుపు వచ్చింది. అన్నం తిన్నాడో లేదో గుర్తుండదు, భార్య పోయిందన్న సంగతి ఒక్కోరోజు కొత్తగా తెలిసి కొత్తగా ఏడుస్తాడు. కానీ చేతుల్లో పని మాత్రం పోలేదు. కుర్చీ కాలు వదులైతే ఎవరూ చెప్పకుండానే బిగించేస్తాడు. గుమ్మం పక్కన మేకుకు ఆయన గోనెగుడ్డ సంచి వేలాడుతూ ఉంటుంది. అందులో సుత్తి, ఉలి, స్క్రూడ్రైవరు, చిన్న నూనె సీసా. దాన్ని అక్కణ్ణుంచి తీస్తే ఊరుకోడు.

ఆ వారం మామగారి దగ్గర కూర్చునే ఆయా ఊరెళ్లింది. "నేను ఇంట్లోంచే పని చేసుకుంటాలే, నువ్వు నిశ్చింతగా వెళ్లు" అని బొమ్మలాయన భార్యకు మాటిచ్చాడు. మాటిచ్చినప్పుడు తలుపుల కంపెనీ సైటు అదే వారంలో తెరవాలని ఆయనకు తెలుసు.

ఆ కంపెనీ పాత తలుపుల నమూనా చూసి కొత్తవి చేసి అమ్ముతుంది. ఒక ఫొటోగ్రాఫర్‌ను పెట్టి ఊరంతా తిప్పి, ఏ సందులో ఏ పాత తలుపు కనపడితే దాన్ని ఫొటో తీయించింది. ఆ ఫొటోలు వేలల్లో వచ్చి పడ్డాయి. ఒక్కోటి ఏనుగంత బరువు, ఒక్కదానికీ పేరు లేదు. సాయంత్రానికి అన్నీ సైటులోకి ఎక్కాలని కంపెనీ యజమానురాలు గంటకోసారి ఫోన్ చేస్తోంది.

పొద్దున మొదలుపెట్టినప్పుడు బొమ్మలాయన బుద్ధిగానే రాశాడు. "ఆకుపచ్చ రంగు వెలిసిన ఒంటి రెక్క తలుపు, పైన అర్ధచంద్రం ఆకారంలో గాజు" అని రాశాడు. "ఇత్తడి గడియ, చెక్కిన పువ్వుల అంచు" అని రాశాడు. మామగారు కుర్చీ పక్కకు లాక్కుని తెర చూస్తూ కూర్చున్నాడు. చూస్తున్నకొద్దీ ఆయన కళ్లలోకి వెలుగొచ్చింది. ఇది ఫలానా వాళ్ల తలుపు, ఇది నేను చిత్రిక పట్టింది, దీని గడియ నా స్నేహితుడు పోత పోసింది అంటూ మొదలుపెట్టాడు. బొమ్మలాయన మొదట ఊ కొట్టాడు. తర్వాత ఊ కొట్టడం మానేశాడు. పని తెమలడం లేదని తోచాక, ఏ పని చేయొద్దని అందరికీ పాఠం చెబుతాడో ఆ పనే చేశాడు. "పాత చెక్క తలుపు, రెండు రెక్కలు" అని ఒకసారి రాసి, దాన్నే బొమ్మ తర్వాత బొమ్మకు అతికించుకుంటూ పోయాడు. అతుకు పడనిచోట చేత్తోనే గబగబా కొట్టాడు, ఎక్కడైనా చెయ్యి జారితే మళ్లీ వచ్చి సరిచేద్దాంలే అనుకున్నాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన అన్నట్టు.

"అల్లుడూ, దీని కింది మడత బందు మూలుగుతుంది" అన్నాడు మామగారు తెర మీద వేలు పెట్టి.

"ఊఁ."

"అప్పుడే మార్చాల్సింది. మార్చలేదు. మూలుగుతుంది."

"సరే మామయ్యా."

"కింది బందు అల్లుడూ. పైది బాగానే ఉంటుంది."

కాసేపటికి మళ్లీ అదే మాట. మళ్లీ అదే వేలు. తెర మీద వేలిముద్రలు. అటు ఫోనులో యజమానురాలు. బొమ్మలాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయితే వెళ్లి బాగుచేసి రండి మామయ్యా! వెళ్లండి! నా ప్రాణాలు తోడేయకండి!"

మామగారు ఆయన ముఖంలోకి చూశాడు. బాధపడ్డట్టు అనిపించలేదు. "సరే" అన్నాడు. లేచి లోపలికి వెళ్లాడు. హమ్మయ్య అనుకుని బొమ్మలాయన బొమ్మలు అతికించడంలో పడిపోయాడు.

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని ఆయనకు తోచేసరికి మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయింది. "మామయ్యా" అని పిలిచాడు. పడకగది చూశాడు, వంటగది చూశాడు, బాత్రూమ్ తలుపు తట్టాడు. వీధి తలుపు దగ్గరికి వేసి ఉంది గానీ గడియ లేదు. చెప్పుల చోట మామగారి చెప్పులు లేవు.

వీధి ఆ చివరిదాకా పరుగెత్తాడు, ఈ చివరిదాకా పరుగెత్తాడు. మందుల షాపులో అడిగాడు, ఇస్త్రీ చేసేవాణ్ణి అడిగాడు. ఎవరూ చూడలేదు. వీధి దాటితే పెద్ద రోడ్డు. లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతుంటాయి. మామగారికి ఎరుపు దీపానికీ పచ్చ దీపానికీ తేడా తెలియని రోజులు కూడా ఉంటాయి. పైగా షుగరు. వేళకు తినకపోతే కళ్లు తిరిగి పడిపోతాడు. పోయినసారి పడినప్పుడు, రావడం ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు చెప్పింది.

భార్యకు ఫోన్ చేశాడు. ఆమె గొంతు వినగానే నిజం గొంతులోనే ఉండిపోయింది.

"షికారుకని బయల్దేరారు. పార్కు వైపు. నేను బాత్రూమ్‌లో ఉన్నా... బయటికొచ్చేసరికి లేరు."

అవతల స్కూటర్ తాళాలు గలగలమన్నాయి.

"పార్కులో చెరువుందండీ" అంది ఆమె.

అలా ఆ అబద్ధం పుట్టింది. చిన్నదే. తనను తాను కాపాడుకోవడానికి నోట్లోంచి జారినది. కానీ దాని వెంట మనుషులు కదిలారు. భార్య ల్యాబు నుంచి స్కూటర్ మీద నేరుగా పార్కుకు వెళ్లింది. ఆమెతో పనిచేసేవాళ్లు ఇద్దరు వెళ్లారు. వీధిలో ఖాళీగా ఉన్నవాళ్లంతా అటే నడిచారు. బొమ్మలాయనా వెళ్లాడు. మామగారు షికారుకు రాలేదని తెలిసీ చెట్ల వెనక, బెంచీల కింద, చెరువు గట్టు మీద వెతికాడు. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆయన పరిస్థితి. అక్కడ లేడని చెప్పాలంటే ఎందుకు లేడో చెప్పాలి.

పోలీసులకు ఫోన్ చేస్తే అవతలి మనిషి మర్యాదగానే అడిగాడు. "ఏం బట్టలు వేసుకున్నారండీ?"

"నీలం చొక్కా" అన్నాడు బొమ్మలాయన.

అన్నాక ఆలోచించాడు. నీలం చొక్కా గోడ మీది ఫొటోలోది. పొద్దుటి నుంచి మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చున్న మనిషి ఏ చొక్కా వేసుకున్నాడో ఆయన చూడలేదు. తలుపు రెక్కకు ఎన్ని పలకలున్నాయో చెప్పగలడు. మామగారు గడ్డం గీసుకున్నాడో లేదో చెప్పలేడు.

భార్య చెరువు గట్టున నిలబడి నీళ్లకేసి చూస్తోంది. చూపు తిప్పడం లేదు. గాలి మారింది, దక్షిణం వైపు మబ్బు కమ్ముకొస్తోంది. తోటమాలి ఎవరినో కేకేసి, పొడుగాటి వెదురు గడ తెప్పిస్తున్నాడు. దాంతో ఏం చేస్తారో బొమ్మలాయనకు అర్థమైంది. భార్యకూ అర్థమైంది. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు ఫోన్ మోగింది. పక్కింటి పిన్ని.

"నాయనా, కునుకు తీసి ఇప్పుడే లేచాను, గొడవేంటని అడిగితే చెప్పారు. మీ మామగారు పార్కుకెందుకు వెళ్తాడయ్యా? పొద్దున నేను బట్టలు ఆరేస్తుంటే సంచి భుజాన వేసుకుని పోతున్నాడు. ఎక్కడికి బాబాయ్ అంటే, పనుంది అన్నాడు. మట్టిరంగు స్వెటరు. పాత రోజుల్లోలాగా ఎంత హుషారుగా నడిచాడో!"

సంచి. ఇంట్లో ఇన్నిసార్లు తిరిగి కూడా గుమ్మం పక్కన మేకు ఖాళీగా ఉందని ఆయన చూడలేదు. షికారుకు వెళ్లేవాడు ఉలీ సుత్తీ పట్టుకెళ్లడు. ఆయన పనికి వెళ్లాడు. ఎవరు పంపితే వెళ్లాడో బొమ్మలాయనకు తెలుసు.

"ఇంట్లో ఒకటి చూసొస్తా" అని భార్యకు చెప్పీ చెప్పకుండా పరుగెత్తాడు.

ఇప్పుడు తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఏ తలుపు?

కంప్యూటర్ తెరిచాడు. ఏ బొమ్మ దగ్గర మామగారు వేలు పెట్టాడో గుర్తు చేసుకోబోయాడు. కళ్ల ముందు వేలు కనిపిస్తోంది, వేలి కింద తలుపు కనిపించడం లేదు. సైటులో వెతికే పెట్టె ఉంది, తనే పెట్టించాడు. అందులో "బందు" అని కొట్టాడు. ఏమీ దొరకలేదు. "మూలుగు" అని కొట్టాడు. ఏమీ దొరకలేదు. దొరకడానికి తను రాస్తే కదా! "తలుపు" అని కొడితే వరదలా వచ్చి పడ్డాయి. పాత చెక్క తలుపు, రెండు రెక్కలు. పాత చెక్క తలుపు, రెండు రెక్కలు. పేజీ కిందికి జరిపేకొద్దీ అదే మాట. ఏ తలుపుకూ సందు లేదు, ఇల్లు లేదు, మనిషి లేడు. మామగారు ఒక్కొక్కదానికీ అవే కదా పొద్దుటి నుంచి చెబుతూ కూర్చున్నాడు.

ఫొటోలో చోటు ఉంటుందన్న సంగతి అప్పుడు తట్టింది. ఈ కాలపు కెమెరాలు ప్రతి ఫొటో వెనకా అది ఏ చోట తీశారో దాచిపెడతాయి. తెరిచి చూశాడు. ఖాళీ. ఇంకొకటి చూశాడు. ఖాళీ. బరువు తగ్గించేటప్పుడు అనవసరమైన చెత్తంతా తీసేయమని యంత్రానికి చెప్పింది తనే. చోటు కూడా ఆ చెత్తలో కలిసి పోయింది. అసలు ఫొటోల మీదే చిన్నవాటిని ఎక్కించేశాడు, డిస్కులో చోటు కలిసొస్తుందని.

ఫొటోగ్రాఫర్‌కు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కిటికీ అవతల చినుకులు మొదలయ్యాయి. ఫోన్ మోగితే లాక్కుని చూశాడు. యజమానురాలు.

"ఎక్కించేశారా? సాయంత్రం అవుతోంది."

"మా మామగారు తప్పిపోయారు మేడం."

"అయ్యో" అంది ఆమె. ఒక్క క్షణం ఆగి, "మరి రేపు పొద్దుటికైనా..." అంది. ఆయన ఫోన్ పెట్టేశాడు. ఉద్యోగంలో చేరాక అలా పెట్టేయడం అదే మొదటిసారి.

వెంటనే ఫొటోగ్రాఫర్ తిరిగి చేశాడు. ఎవరిదో ఫంక్షన్‌లో ఉన్నాడు, వెనక గోల.

"అసలు ఫైళ్లు మీకే ఇచ్చాగా అన్నా. కార్డు తుడిచేసి మళ్లీ వాడుతున్నా. ఏం, ఏమైంది?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది. కుర్చీలో కూలబడ్డాడు. పక్కన మామగారి కుర్చీ పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది, తెర వైపు కాస్త వాలి.

ఆ ఖాళీ కుర్చీని చూస్తుంటే ఆయనకు తన జబ్బు గుర్తొచ్చింది. గ్యాస్ కట్టేయండి. నీలం టైల్. మనసు వినకపోయినా వేళ్లు వింటాయి. మామగారు ఆపకుండా మాట్లాడుతున్నప్పుడు తన వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. ఎక్కడో ఒకచోట జారి ఉండాలి. జారిపోనీ దేవుడా, ఈ ఒక్కసారికి జారి ఉండనీ అనుకున్నాడు.

అన్నిటికీ ఒకే వాక్యం ఉంది కాబట్టి, ఆ వాక్యం కానివి మాత్రం చూపించమని కంప్యూటర్‌కు చెప్పాడు. పొద్దున బుద్ధిగా రాసినవి వచ్చాయి. వాటి తర్వాత రెండు మూడు అక్షరాలు తప్పినవి వచ్చాయి. చివర్న ఒకటి వచ్చింది.

"పాత చెక్క తలుపు, రెండు రెఐసు ఫ్యాక్టరీ అల్లుడూ ఇది నా"

అంతే ఉంది. ఆయన ఆ వాక్యాన్ని చదివాడు, మళ్లీ చదివాడు. తర్వాత బొమ్మ చూశాడు. బూడిదరంగు రెండు రెక్కల తలుపు, ముందు రెండు రాతి మెట్లు. ఎడమ రెక్క కింద వేలిముద్రల మసక. అది ఫొటోలోది కాదు, తెర మీద మామగారిది.

బొమ్మలాయనకు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు. ఐసు ఫ్యాక్టరీ ఎక్కడుందో ఆయనకు తెలియదు. ఈ ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ అనేది ఒకటుందనే తెలియదు. ఆ బొమ్మ అసలు ఎప్పుడు తీశారో, ఆ తలుపు ఇంకా అక్కడుందో లేదో తెలియదు. తెలిసుండే మనిషి భార్య ఒక్కతే, ఆమె చెరువు గట్టున ఉంది.

ఫోన్ తీసేలోపే స్కూటర్ చప్పుడైంది. భార్య తడిసిన బట్టలతో లోపలికొచ్చింది. గోడ మీది ఫొటో వైపు చెయ్యి చాచింది.

"పోలీసులు నాన్న ఫొటో ఇవ్వమంటున్నారు. గడతో చూశారు, ఏం తగల్లేదు. మనుషుల్ని దింపుతారట."

"దింపొద్దను" అన్నాడు ఆయన. "ఆయన చెరువు దగ్గరికి వెళ్లలేదు."

"మీకెలా తెలుసు?"

"షికారుకని చెప్పలేదు. నేను అబద్ధమాడాను." ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. "తలుపు బందు మూలుగుతోందని పొద్దుటి నుంచి చెబుతున్నారు. నేను కసిరాను. వెళ్లి బాగుచేసి రండి, నా ప్రాణాలు తోడేయకండి అన్నాను. సంచి తీసుకుని వెళ్లిపోయారు. బాత్రూమ్‌లో లేను. ఇక్కడే ఉన్నా. నా వెనక నుంచే వెళ్లారు, నేను తల తిప్పలేదు."

ఆమె కేకలు వేస్తే బాగుండేది. వేయలేదు. గోడ నుంచి తీసిన ఫొటోను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "ఇంతసేపు నన్ను నీళ్లలోకి చూడనిచ్చారు" అంది చివరికి.

తెర ఆమె వైపు తిప్పాడు. ఆమె వంగి చూసింది.

"ఐసు ఫ్యాక్టరీ మెట్లు" అంది వెంటనే. "చిన్నప్పుడు ఆ పక్క గోదాముల్లో పనిచేసే నాన్నకు క్యారియర్ పట్టుకెళ్లేదాన్ని. ఆ మెట్ల మీదే కూర్చుని తినేవాడు. పెద్ద రోడ్డు అవతల, గోదాముల వెనక. మూసేసి ఎన్నేళ్లయిందో." గుమ్మం వైపు నడుస్తూనే ఫోనులో చెరువు దగ్గరివాళ్లకు "ఆపండి, ఆపండి, అక్కడ లేడు" అని చెప్పింది.

స్కూటర్ ఆమే నడిపింది. బొమ్మలాయన వెనక కూర్చున్నాడు. ఒడిలో అరటిపండ్లు, చక్కెర పొట్లం, నీళ్లసీసా. పెద్ద రోడ్డు దగ్గర లారీలు నిలిచి ఉన్నాయి, జనం గుంపుగా ఉన్నారు. ఆమె వీపు బిగుసుకుపోవడం ఆయనకు తెలిసింది. "ఏమైందండీ?" అని ఆయన ఒకణ్ణి అడిగితే, "ఏం లేదు, ట్రక్కు ఆగిపోయింది" అన్నాడు అతను. ఆమె బండిని లారీల సందులోంచి ముందుకు తిప్పింది.

గోదాముల వెనక సందు ఇరుకు. వాన జోరందుకుంది. ఒకవైపు గోడంతా నాచు, ఇంకోవైపు తుప్పు పట్టిన షట్టర్లు. సందు మలుపులో రెండు రాతి మెట్లు. మెట్ల మీద ఎవరూ లేరు.

తలుపు ఉంది. బూడిదరంగు, రెండు రెక్కలు. ఎడమ రెక్క ఓరగా తెరిచి ఉంది. భార్య స్కూటర్ పడేసినంత పనిచేసి పరుగెత్తింది. "నాన్నా!" అని ఆమె కేక వేస్తే లోపలి ఖాళీ గోడలు తిరిగి కేక వేశాయి.

"మెల్లిగా, మెల్లిగా. రెక్క తగులుతుంది" అంది లోపలి నుంచి ఒక గొంతు.

తలుపు వెనక, నేల మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు మామగారు. మట్టిరంగు స్వెటరు నిండా తుప్పు. కుడిచేతి రెండు వేళ్లు గీసుకుపోయి రక్తం ఎండింది. ముఖం పాలిపోయింది, చేతులు సన్నగా వణుకుతున్నాయి. పక్కన ఒక ముసలి వాచ్‌మన్ పీట మీద కూర్చుని, గ్లాసులో టీ పట్టుకుని ఆయన చేత తాగిస్తున్నాడు.

"మీవాళ్లేనా?" అన్నాడు వాచ్‌మన్. "మధ్యాహ్నం వచ్చాడమ్మా. కాదన్నా వినలేదు. ఆ బందు ఊడదీసి, నూనె వేసి, మళ్లీ బిగించేదాకా లేవనన్నాడు. ఇందాక కళ్లు తిరిగినట్టుంటే తీపి టీ పట్టాను. ఫోన్ నంబరు అడిగితే గుర్తులేదంటాడు. ఎవరి తాలూకని అడిగితే అల్లుడి తాలూకు అంటాడు."

భార్య నేల మీదే కూలబడి తండ్రి చేతులు రెండూ పట్టుకుంది. గ్లాసులో ఇంకొంచెం చక్కెర వేసి తాగించింది, అరటిపండు ఒలిచి పెట్టింది. ఆయన బుద్ధిగా తిన్నాడు. తింటూ కూతురి తడిసిన జుట్టు చూశాడు.

"వానలో నువ్వెందుకొచ్చావమ్మా? క్యారియర్ తెచ్చావా?"

"తెచ్చాను నాన్నా" అంది ఆమె.

"అల్లుడికి చెప్పు, పనైపోయిందని." ఆ అల్లుడు గుమ్మంలో నిలబడే ఉన్నాడు. మామగారు ఆయన్ను చూశాడు గానీ పోల్చుకోలేదు. వాచ్‌మన్ వైపు తిరిగి, గొప్పగా, రహస్యం చెబుతున్నట్టు చెప్పాడు. "మా అల్లుడు తలుపుల కంపెనీలో పెద్ద పని చేస్తాడు. ఇంట్లో అందరూ నన్ను కూర్చో, పడుకో అంటారు. వాడొక్కడే, నువ్వు వెళ్లి బాగుచేసి రా అన్నాడు. నాకింకా పని వచ్చని వాడికొక్కడికే తెలుసు."

వాచ్‌మన్ తలూపాడు. బొమ్మలాయన గుమ్మం పట్టుకున్నాడు. భార్య తల తిప్పి ఆయన్ను చూసింది. ఇంటి దగ్గర బయల్దేరాక ఆమె ఆయన ముఖం చూడడం అదే మొదటిసారి. ఆ చూపులో క్షమ లేదు. అంత త్వరగా రాదు కూడా. చెరువు గట్టున నిలబడ్డ మనిషికి ఆ భయం అంత తేలిగ్గా పోదు.

మామగారు అరటితొక్క వాచ్‌మన్ చేతిలో పెట్టి, ఎడమ రెక్కను ఒక వేలితో నెట్టాడు. రెక్క గాలికి కదిలినట్టు కదిలింది. చప్పుడు లేదు. మళ్లీ వెనక్కి లాగాడు. చప్పుడు లేదు.

"ఈ తలుపు బిగిస్తున్నప్పుడు ఈ పిల్ల పుట్టింది" అన్నాడు. "కబురొస్తే సగం పనిలో పరుగెత్తాను. అందుకే కింది బందు సరిగ్గా కూర్చోలేదు. తర్వాత మారుద్దాం, మారుద్దాం అనుకున్నా. ఇన్నాళ్లకు కుదిరింది. ఇది అల్లుడికి చెప్పాలి. వాడు తలుపుల గురించి రాస్తాడు."

వాన గుమ్మం లోపలికి కొడుతోంది. భార్య తండ్రి భుజం మీద తన కొంగు కప్పింది. తర్వాత, మొగుడి వైపు చూడకుండానే మాట్లాడింది.

"రాసుకోండి" అంది.

బొమ్మలాయన లోపలికొచ్చి మామగారి పక్కన నేల మీద కూర్చున్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"మొదటి నుంచి చెప్పండి మామయ్యా" అన్నాడు. "వింటున్నాను."